సొమ్ము ముట్టిందని ఎవరు చెబితే నమ్మాలి?

వెబ్‌సైటు పెట్టడం ఈ రోజుల్లో పెద్ద పనేమీ కాదు. కాస్త ఇంగ్లీషు చదవగలిగి, ఓపిక ఉన్న డిగ్రీ విద్యార్థి ఎవరైనా నాలుగు రోజుల్లో పెట్టేయగలడు. ఫొటోలు ఎక్కించవచ్చు, ధరలు వేయవచ్చు, మన ఊరి పేరు రంగురంగుల అక్షరాల్లో రాసుకుని మురిసిపోవచ్చు. చిక్కంతా డబ్బు దగ్గరే వస్తుంది. కొనేవాడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటాడు, సరుకు మన తోటలో ఉంటుంది. మధ్యలో సొమ్ము ఏ దారిన నడిచి వస్తుంది? వచ్చిందని మనకు ఎవరు చెబుతారు? చెప్పినవాణ్ణి మనం ఎందుకు నమ్మాలి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు తెలియకుండా వెబ్‌సైటుకు 'ఇప్పుడే చెల్లించండి' అనే బటన్ తగిలించడం కంచె లేని తోటకు గేటు పెట్టడం వంటిదే.

ఈ సంగతులు నాకు పాఠ్యపుస్తకాల్లో దొరకలేదు. మాది నూజివీడు దగ్గర నాలుగెకరాల మామిడి తోట. ఎక్కువ బంగినపల్లి, ఒక వరుస చిన్నరసాలు. ఇన్నేళ్ళూ నాన్న కాయను మార్కెట్టుకే తోలేవారు. అక్కడ కమీషన్ ఏజెంటు తూకం వేయించి, తన కమీషనూ కూలీ తరుగూ తీసేసి, ఒక పట్టీ రాసి చేతిలో పెడతాడు. పట్టీ ఆ రోజే వస్తుంది. డబ్బు ఎప్పుడొస్తుందో మాత్రం ఆయన దయ, మన ప్రాప్తం. కౌలు, మందుల కొట్టు బాకీ, నా హాస్టలు ఫీజు అన్నీ ఆ పట్టీ వెనకాలే లైనులో నిలబడి ఉంటాయి. అందుకని రెండు సీజన్ల నుండి నేనూ నా హాస్టలు మిత్రుడూ కలిసి ఒక చిన్న వెబ్‌సైటు పెట్టి, కొంత కాయను అయిదు కిలోల పెట్టెల్లో నేరుగా ఇళ్ళకు పంపుతున్నాం. పెట్టె 600 రూపాయలు. ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఆ పెట్టెతోనే చెబుతాను.

అన్నిటికన్నా తేలిక దారి అందరికీ తెలిసిందే. బ్యాంకు ఇచ్చిన క్యూ.ఆర్. కోడు బొమ్మను వెబ్‌సైటులో పెట్టి, 'డబ్బు పంపి స్క్రీన్‌షాటు వాట్సాపు చేయండి' అని రాయడం. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు యు.పి.ఐ. పెట్టినప్పటి నుండి ఆదివారం పండగ లేకుండా ఒక బ్యాంకు ఖాతాలోంచి ఇంకో బ్యాంకు ఖాతాలోకి క్షణాల్లో సొమ్ము మారుతోంది. ఇందులో దోషం ఏమీ లేదు. దోషం ఆ స్క్రీన్‌షాటులో ఉంది. మా బాబాయి తోట మా పక్కనే. ఆయన నిరుడు ఇలాగే నాలుగు పెట్టెలకు 2,400 రూపాయల స్క్రీన్‌షాటు చూసి, పెట్టెలు బస్సు పార్శిల్లో వేసేశాడు. ఆకుపచ్చ టిక్కు గుర్తు, తారీఖు, టైము, నంబరు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. రాత్రి ఖాతా చూసుకుంటే అందులో 2,400 లేవు. అవతలి ఫోను అప్పటికే స్విచ్చాఫ్. అలాంటి బొమ్మలు తయారుచేసే యాప్‌లు ఉన్నాయట! స్క్రీన్‌షాటు అంటే ఏమిటయ్యా అంటే, కొనేవాడి నోటిమాటకు తీసిన ఫొటో. అంతకు మించి ఏమీ కాదు.

'మరి ఖాతా చూసుకుని పంపితే సరిపోతుంది గదా' అంటారు. రోజుకు పది పెట్టెలైతే నిజంగానే సరిపోతుంది, గేట్‌వే గొడవ అక్కరలేదు అనే నా అభిప్రాయం. యాభై ఆర్డర్లు వచ్చినప్పుడు చూడాలి తమాషా. ఖాతాలో 1,200 అని తొమ్మిది జమలు కనిపిస్తాయి. ఆర్డరు పెట్టింది భార్య, డబ్బు వచ్చింది భర్త ఖాతాలోంచి, పెట్టె వెళ్ళాల్సింది అత్తగారింటికి. ఏ 1,200 ఎవరిదో తేల్చడానికి అమ్మా నేనూ ఒక రాత్రంతా నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాం. ఆ రాత్రి నాకు అర్థమైంది ఏమిటంటే, ఆన్‌లైన్ చెల్లింపు ఏర్పాటులో అసలు విలువ డబ్బు తీసుకురావడంలో లేదు. ఫలానా డబ్బు ఫలానా ఆర్డరుదే అని ముడివేయడంలో ఉంది.

ఆ ముడి వేసే సంస్థలనే పేమెంట్ అగ్రిగేటర్లు అంటారు. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, సీసీఅవెన్యూ అలాంటివి. గేట్‌వే అనీ అగ్రిగేటర్ అనీ మనం ఒకే అర్థంలో వాడేస్తుంటాం గానీ, రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెంటినీ వేరుచేసింది. సాంకేతిక దారి మాత్రమే చూపేది గేట్‌వే. కొనేవాడి సొమ్మును తన దగ్గరకు తీసుకుని, కూడగట్టి, అమ్మేవాడికి అందజేసేది అగ్రిగేటర్. రెండోవాడి చేతిలో పరాయి డబ్బు ఉంటుంది కనుక రిజర్వు బ్యాంకు అనుమతి కావాలన్నారు. ఆ డబ్బును సొంత డబ్బులో కలపకుండా బ్యాంకులో విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచాలన్నారు. మా మార్కెట్టులో ఈ ఎస్క్రో నియమం ఒక్కటి ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది.

అగ్రిగేటర్ దగ్గర ఖాతా తెరవడానికి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు, చిరునామా రుజువు అడుగుతారు. వెబ్‌సైటును కూడా చూస్తారు. అందులో మన చిరునామా, ఫోను నంబరు, సరుకు ఎన్నాళ్ళకు చేరుతుంది, పాడైతే ఏం చేస్తాం, డబ్బు ఎలా తిరిగిస్తాం అన్న పేజీలు ఉండాలి. చాలామంది ఎక్కడి నుంచో కాపీ కొట్టి పెడతారు. మామిడికాయకు చొక్కాల కొట్టు నియమాలు అతికితే ఎలా? 'ఏడు రోజుల్లో సరుకు వాపసు' అని రాస్తే మనకు వాపసు వచ్చేది కాయ కాదు, టెంక! మేం మాత్రం పెట్టె అందిన రోజే ఫొటో పంపాలి, కుళ్ళిన కాయల లెక్కన డబ్బు తిరిగిస్తాం అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసుకున్నాం. జి.ఎస్.టి. గూర్చి చాలామంది రైతులు భయపడతారు. తాజా మామిడిపండుకు ఆ పన్ను లేదు, సొంత పంట అమ్ముకునే రైతుకు ఆ మేరకు రిజిస్ట్రేషనూ అక్కరలేదు. అదే కాయను పచ్చడి పట్టి అమ్మితే లెక్క వేరు.

ఇక అసలు యంత్రం సంగతి. కొనేవాడు రెండు పెట్టెలు ఎంచుకుని బటన్ నొక్కగానే, మన సర్వరు అగ్రిగేటర్ సర్వరుకు 'ఇంత మొత్తానికి ఒక ఆర్డరు తెరువు' అని చెబుతుంది. కొన్ని అగ్రిగేటర్లకు మొత్తాన్ని పైసల్లో చెప్పాలి. 1,200 రూపాయలంటే 1,20,000. ఈ మొత్తాన్ని మన సర్వరే తన ధరల పట్టిక చూసి లెక్కకట్టాలి తప్ప, కొనేవాడి బ్రౌజరు పంపిన అంకెను తీసుకోకూడదు. బ్రౌజరు కొనేవాడి చేతిలోది. తెలిసినవాడు అందులో 1,200ను 12గా మార్చగలడు. తూకం రాయి కొనేవాడి ఇంట్లోది వాడం గదా, అలాగన్నమాట.

అక్కడి నుండి కొనేవాడు అగ్రిగేటర్ పేజీలోకి వెళతాడు. యు.పి.ఐ. అయితే తన ఫోనులో పిన్ కొడతాడు. కార్డయితే బ్యాంకు పంపిన ఓ.టి.పి. కొడతాడు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు ఈ రెండో తాళం 2009 నుండి మన దేశంలో తప్పనిసరి. కార్డు నంబరు మన వెబ్‌సైటు కంట పడనే పడదు, పడకూడదు కూడా. 2022 అక్టోబరు 1 నుండి వ్యాపారులెవరూ కొనుగోలుదార్ల కార్డు నంబర్లు దాచుకోరాదని నియమం. మాబోటి చిన్నవాళ్ళకు ఇదొక వరం; దాచనిదాన్ని దొంగ ఎత్తుకుపోలేడు.

డబ్బు కట్టడం అయిపోయింది. ఇప్పుడు మొదటి ప్రశ్న మళ్ళీ వస్తుంది: అయిపోయిందని మనకు ఎవరు చెబుతారు? రెండు దారుల్లో కబురు వస్తుంది. మొదటిది కొనేవాడి బ్రౌజరు తిరిగి మన పేజీకి వచ్చి 'చెల్లించాను' అనడం. రెండోది అగ్రిగేటర్ సర్వరు నేరుగా మన సర్వరుకు పంపే కబురు. దాన్ని వెబ్‌హుక్ అంటారు. మొదటిదాన్ని ఉత్త చేతులతో నమ్మితే మళ్ళీ స్క్రీన్‌షాటు కథే. రెండోదాన్నీ ఊరికే నమ్మరాదు, ఎందుకంటే మన సర్వరు చిరునామా తెలిసినవాడెవడైనా అలాంటి కబురు తయారుచేసి పంపవచ్చు. కావున ప్రతి కబురుకీ ఒక సంతకం ఉంటుంది.

ఈ సంతకం దగ్గర కాసేపు ఆగాలి. సైన్సు విద్యార్థిగా నన్ను కట్టిపడేసింది ఇదే. అగ్రిగేటర్ మనకు ఒక రహస్యపదం ఇస్తుంది. అది వాళ్ళకూ మనకూ తప్ప మూడోవాడికి తెలియదు. కబురు పంపేటప్పుడు వాళ్ళు ఆ కబురునూ రహస్యపదాన్నీ కలిపి ఒక గణిత రోట్లో వేసి నూరుతారు. ఆ రోటి పేరు ఎస్.హెచ్.ఎ.-256. నూరే పద్ధతి పేరు హెచ్‌మ్యాక్. 1996లో బెల్లారే, కానెట్టి, క్రావ్‌చిక్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. కబురు ఎంత పొడుగున్నా నూరగా వచ్చే ముద్ద 64 అక్షరాలే. పచ్చడిలోంచి మిరపకాయను తిరిగి బయటికి తీయలేనట్టే ఆ ముద్ద నుండి రహస్యపదాన్ని వెనక్కి రాబట్టడం ఆచరణలో అసాధ్యం. కబురులో ఒక్క అంకె మారినా ముద్ద మొత్తం పోలిక లేకుండా మారిపోతుంది. కబురు అందాక మన సర్వరు కూడా తన దగ్గరున్న రహస్యపదంతో అదే రోట్లో నూరి చూస్తుంది. రెండు ముద్దలూ ఒకటైతే కబురు నిజం. కాకపోతే ఎంత ముచ్చటగా ఉన్నా అవతల పారేయడమే. ఇందులో ఒకరి మొహం చూసి ఒకరు నమ్మడం లేదు. ఎదుటివాడి పెద్దరికం లేదు, 'మీకు తెలియనివాణ్ణా' అనడం లేదు. రహస్యపదాన్ని మాత్రం వెబ్ పేజీ కోడులో రాయరాదు, మిత్రులకు చూపించే కోడులోనూ వదిలేయరాదు సుమా.

మరో చిన్న కిటుకు. మన సర్వరు నుండి 'అందింది' అనే జవాబు వెళ్ళకపోతే అగ్రిగేటర్ అదే కబురును మళ్ళీ పంపుతుంది. ఒక్కోసారి ఒకే కబురు రెండుసార్లు అందుతుంది. చెల్లింపు నంబరు రాసిపెట్టుకుని, అది అంతకుముందే వచ్చిందా అని చూడకపోతే ఒక డబ్బుకు రెండు పెట్టెలు వెళతాయి. దీనికి విరుద్ధంగా, కొనేవాడి ఖాతాలో డబ్బు తగ్గుతుంది గానీ నెట్టు పోయి పేజీ మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు ఫోన్లు వస్తాయి. 'డబ్బు కట్టయింది, కాయలేవీ?' అంటారు. అందుకే వెబ్‌హుక్ వచ్చేదాకా మా పేజీ 'విఫలం' అనదు, 'సరిచూస్తున్నాం' అంటుంది. చెల్లింపు పూర్తికాకపోతే ఆ సొమ్ము కొనేవాడి ఖాతాకే తిరిగిపోతుంది. సొమ్ము తిరిగి రావడానికి ఎవరైనా యు.పి.ఐ. పిన్ అడిగితే వాడు దొంగే. పిన్ సొమ్ము పంపడానికే తప్ప పుచ్చుకోవడానికి కాదు.

ఇక సొమ్ము మన ఖాతాలో పడటం. అగ్రిగేటర్ దగ్గరి డబ్బు సాధారణంగా ఒకటి రెండు పనిదినాల్లో మన బ్యాంకుకు వస్తుంది. యు.పి.ఐ.కీ రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి 1 నుండి ఎం.డి.ఆర్. అనే బ్యాంకు రుసుము లేదు. అగ్రిగేటర్ తన సేవకు వేరే ఏమైనా తీసుకుంటుందా అన్నది ఒప్పందంలో చదువుకోవాలి. మిగతా కార్డులకు రెండు శాతం చుట్టూ ఉంటుంది. రెండు శాతమే అనుకుంటే 1,200కు 24 రూపాయలు. చేతికొచ్చేది 1,176 రూపాయలు. మొదటిసారి ఆ లెక్కల కాగితం ప్రింటు తీసి చూపిస్తే నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివి, 'ఇదీ పట్టీయే గదరా' అన్నారు. పట్టీయే. కాకపోతే ఇందులో ఏ పెట్టెకు ఎంత తరుగు తీశారో పైసలతో సహా ఉంది, డబ్బు ఏ తారీఖున జమ అవుతుందో కూడా ఉంది. 'శని ఆదివారాలు మధ్యలో వస్తే?' అని అడిగారు. సోమవారం తరువాత అన్నాను. 'ఫరవాలేదు, తారీఖంటూ ఉందిగా' అన్నారు.

డబ్బు తిరిగిచ్చినప్పుడు ఆ రుసుము మాత్రం మనకు సాధారణంగా తిరిగి రాదు. అందుచేత కుళ్ళిన కాయ పెట్టెలో పడకుండా చూసుకోవడం ఈ లెక్కల్లో కూడా లాభమే.

సీజనుకు ముందు అగ్రిగేటర్ ఇచ్చే టెస్ట్ పద్ధతిలో ఉత్తుత్తి చెల్లింపులు చేసి చూడాలి. విఫలమైన చెల్లింపు, మధ్యలో మూసేసిన బ్రౌజరు, రెండుసార్లు వచ్చిన కబురు ఇవన్నీ కావాలని చేసి చూడాలి. ఆ తరువాత నిజం డబ్బుతో ఒక్క రూపాయి కట్టి, అది బ్యాంకుదాకా చేరిందో లేదో చూశాకే గేటు తెరవాలి. మా పెట్టెల షెడ్డులో ఇప్పుడు అమ్మ ఫోనులో కనిపించేది ఒక్క జాబితాయే. సంతకం సరిపోయి, సొమ్ము జమకు సిద్ధమైన ఆర్డర్లు మాత్రమే అందులోకి వస్తాయి. ఎవరు ఫోను చేసి ఎంత తియ్యగా మాట్లాడినా, జాబితాలో పేరు లేకపోతే అమ్మ పెట్టెకు తాడు కట్టదు. ఈ సీజను నుండి బాబాయి పెట్టెలు కూడా ఆ జాబితాలోంచే వెళుతున్నాయి.