సముద్రపుటొడ్డున ఎదురుపడే ప్రాణులు

నందిగామ ప్రక్కన మునేరు, జగ్గయ్యపేట ప్రక్కన పాలేరు ప్రవహిస్తాయి. రెండూ విజయవాడకు ఎగువనే కృష్ణలో కలుస్తాయి. ఆ కృష్ణలో ఒక పాయ హంసలదీవి వద్ద సముద్రాన్ని చేరుతుంది. ఏటి నీరు పోయిన త్రోవనే మనుషులూ పోతారు. కార్తీక పౌర్ణమికి మంగినపూడికి, మాఘ పౌర్ణమికి హంసలదీవికి సముద్రస్నానం కొరకు వెళ్లే జనంలో మెట్ట ప్రాంతంవారు చాలామంది ఉంటారు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఈ రెండు పట్టణాలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి, సముద్రం కృష్ణా జిల్లాకే మిగిలింది. అయినా స్నానాలకు వెళ్లేవారు వెళ్తూనే ఉన్నారు.

మెట్టవారికి ఏరు తెలుసు, చెరువు తెలుసు. వాటిలోని తాబేలును, నీటిపామును చిన్నతనం నుండి చూసినవారే. సముద్రపుటొడ్డున కనిపించే ప్రాణులు చూపునకు వాటివలెనే ఉంటాయి. చిక్కంతా ఈ పోలికలోనే ఉన్నది. దానిని నమ్ముకొంటే ఒకసారి ఆ ప్రాణికి, మరొకసారి మనిషికి ముప్పు వస్తుంది.

మొదట తాబేలు సంగతి చూద్దాము. చెరువు తాబేలును తాకితే తలను, కాళ్లను డిప్పలోనికి ముడుచుకొంటుంది. సముద్రపు తాబేలుకు ఆ శక్తి లేదు. దాని కాళ్లు తెడ్లవలె సాగి ఉంటాయి. ఈదడానికి ఎంత అనువో, నడవడానికి అంత కష్టము. మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు డిప్ప సుమారు 2 అడుగుల పొడవు ఉంటుంది. బరువు 35 నుండి 45 కిలోల వరకు ఉంటుంది. ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు ఆడ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో మూరెడు లోతున గుంట త్రవ్వి, నూరుకు పైగా గ్రుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. మాఘ పౌర్ణమి ఈ కాలంలోనే వస్తుంది.

అట్టి తాబేలు ఎదురైనప్పుడు, పాపము త్రోవ తప్పి ఒడ్డుకు వచ్చినదని తలచి తిరిగి నీటిలోనికి నెట్టేవారు ఉంటారు. కండ్ల నుండి కారే నీటిని చూసి ఏడుస్తున్నదని జాలిపడతారు. నిజానికి అది త్రోవ తప్పలేదు, ఏడ్వడమూ లేదు. సముద్రంలో బ్రతికే ప్రాణి శరీరంలో చేరిన అదనపు ఉప్పును బయటికి పంపాలి. ఆ పని దాని కండ్ల దగ్గరనున్న గ్రంథులు చేస్తాయి. ఆ కన్నీరు ఉప్పును వదిలించుకొనే సాధనము. ఒడ్డెక్కుతూ ఉండగా వెలుగుగాని, మనుషుల అలికిడిగాని తగిలితే అది గ్రుడ్లు పెట్టకుండానే మరలిపోతుంది.

గ్రుడ్లను పొదిగేది ఇసుక వేడిమియే. 45 నుండి 60 రోజులలో పిల్లలు వస్తాయి. పిల్ల ఆడో మగో నిర్ణయించేది కూడా ఆ వేడిమియే. సుమారు 29, 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద రెండు రకాలూ ఇంచుమించు సమంగా పుడతాయి. అంతకంటె చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువవుతాయి. వేడుకకు గుంట త్రవ్వి గ్రుడ్లను అటూ ఇటూ దొర్లిస్తే లోపలి పిండం చచ్చిపోవచ్చు. అందుచేతనే అటవీశాఖ తన పొదుగు కేంద్రాలకు గ్రుడ్లను తరలించేటప్పుడు ఎంతో జాగ్రత్త వహిస్తుంది.

పిల్లలు సాధారణంగా ఇసుక చల్లబడిన రాత్రివేళ బయటికి వస్తాయి. అవి సముద్రాన్ని ఎట్లు గుర్తిస్తాయి? తల్లి అక్కడ ఉండదు. దిబ్బలు, చెట్లు ఉన్న వైపు నల్లగా ఉంటుంది. నీటి మీది ఆకాశపుటంచు కొంత తెల్లగా కనిపిస్తుంది. ఆ తెల్లని వైపునకు ప్రాకడమే వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. కోట్ల ఏళ్లుగా ఈ గుర్తు వాటిని మోసగించలేదు. ఇప్పుడు ఒడ్డున విద్యుద్దీపము వెలిగితే పిల్లలు దానినే సముద్రమనుకొని ఊరివైపు ప్రాకుతాయి. తెల్లవారేసరికి ఎండకు మాడిపోతాయి. లేదా కాకులు, కుక్కల పాలవుతాయి. పుణ్యమని ఒక పిల్లను తెచ్చి ఊరి కోనేటిలో విడవడం కూడా దానిని చంపినట్లే. అది మంచినీటి ప్రాణి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ తాబేలును పట్టుకోవడం, గ్రుడ్లు తీయడం నేరము.

ఇక పాము. ఏటిలో కనిపించే నీరుకట్టె పాముకు విషము లేదు. ఆ ధైర్యంతో ఒడ్డున వలలనుండి జారిపడిన పామును పిల్లలు కర్రతో కదిలిస్తారు. సముద్రపు పాము తోక గుండ్రంగా ఉండదు. పడవ తెడ్డువలె ప్రక్కలకు నొక్కుకొని పలచగా ఉంటుంది. అట్టి తోక కనబడితే అది విషసర్పమని గ్రహించాలి. కాటు వేసినచోట నొప్పి అంతగా తెలియకపోవచ్చును. కొన్ని గంటలకు కండరాల నొప్పులు, బిగువు మొదలవుతాయి. నొప్పి లేదు గదా అని ఊరుకోక, కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మూడవది జెల్లీచేప. ఇది చేప కాదు, దీనికి ఎముకలు లేవు. శరీరంలో నూటికి 95 పాళ్లు నీరే. ఒడ్డున పడి ఉంటే గంజి ముద్దవలె ఉంటుంది. దాని దారాలవంటి మీసాలలో సూక్ష్మమైన కణాలు వేలకొలది ఉంటాయి. తాకగానే ఒక్కొక్క కణంనుండి విషపు ముల్లు వెలువడుతుంది. ఈ కణాలు పనిచేయడానికి ప్రాణి బ్రతికి ఉండనక్కరలేదు. కుట్టినప్పుడు ఆ చోటును రుద్దరాదు. మంచినీరు పోయరాదు, దానివల్ల మిగిలిన కణాలు కూడా పేలుతాయి. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకొన్న దారాలను పుల్లతో తీసివేయాలి. ఊపిరి ఆడకపోతే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

ఈ మూడింటిలో ఏదియు మనిషిని వెదకుకొంటూ వచ్చినది కాదు. కనుక దూరంగా నిలబడి చూడడం, దీపం ఆర్పివేయడం, గాయపడిన తాబేలు కనబడితే అటవీశాఖవారికి తెలియజేయడం, ఈ మూడు పనులు చాలును. స్నానానికి వెళ్లిన మెట్టవారు ఈ మాత్రం జాగ్రత్త పడితే, ఆ ఏడు పుట్టిన తాబేళ్లలో బ్రతికి పెరిగిన ఆడవి మరల ఆ తీరానికే గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి.