రైలు రాని వూరు

అమెరికా అనగానే మనకు ఆకాశాన్నంటే మేడలూ, చీమలబారులా కార్లూ కళ్లముందు మెదులుతాయి. ఆ దేశంలో మన శివారు పల్లెల కన్న చిన్న వూళ్లు కూడా వున్నాయంటే చప్పున నమ్మబుద్ధి కాదు. కాన్సాస్ రాష్ట్రపు వాయవ్య భాగంలో, గ్రాహం కౌంటీలో వున్న నికోడెమస్ అటువంటిది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ నివాసమున్నవారు 14 మంది. అంత చిన్న వూరిని అమెరికా ప్రభుత్వం 1996లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. ఏమిటా గొప్ప అని నేను చూడబోయాను.

24వ నంబరు రహదారి వూరి పక్కనుంచే పోతుంది. కనుచూపు మేర గోధుమ చేలు, పచ్చిక బయళ్లు. వాగుల వెంబడి తప్ప చెట్టనేది అరుదు. వీచే గాలికి అడ్డూ ఆపూ లేదు. యేడాదికి కురిసే వాన సుమారు 20 అంగుళాలు. పడమటికి పోయినకొద్దీ అదీ తగ్గుతుంది. వూరికి దక్షిణంగా సాలమన్ నది దక్షిణ పాయ పారుతున్నది. పాఠకులు ఈ నదిని కాస్త గుర్తుంచుకోవాలి. వూరి తలరాత దానితోనే ముడిపడింది.

కెంటకీ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయినది 1865 డిసెంబరులో. సంకెళ్లు వూడాయి గాని, చేతిలో సెంటు భూమి లేదు. పాత యజమానుల పొలాల్లోనే పాలికాపులుగా బతకాలి. అటువంటి రోజుల్లో, 1877లో, కాన్సాస్‌లో నల్లవారి కోసం ఒక పట్టణం కడుతున్నామని కరపత్రాలు వెలిశాయి. డబ్ల్యు. ఆర్. హిల్ అనే తెల్ల వ్యాపారీ, డబ్ల్యు. హెచ్. స్మిత్ అనే నల్లజాతి పెద్దా కలిసి కంపెనీ పెట్టారు. 1862 నాటి చట్టం ప్రకారం, అయిదేళ్లు కాపురముండి సాగు చేసినవారికి 160 ఎకరాల ప్రభుత్వ భూమి దక్కుతుంది. నూటఅరవై ఎకరాలు! నిన్నటిదాకా తామే ఒకరి ఆస్తిగా బతికినవారికి ఆ మాట ఎలా వినిపించి వుంటుందో వూహించుకోవలసిందే.

ఆ యేడు సెప్టెంబరులో కెంటకీ నుంచి సుమారు 300 మంది బయలుదేరారు. ఎల్లిస్ అనే స్టేషనులో రైలు దిగి, ఉత్తరంగా దాదాపు 35 మైళ్లు నడిచారు. తీరా చేరి చూస్తే వూరు లేదు. నేలలో గుంటలు తవ్వి, పైన కర్రలూ, కంపా, మట్టిపెళ్లలూ కప్పిన బొరియలే యిళ్లు. మరుసటి వసంతంలో వచ్చిన విలియానా హిక్మన్ అనే ఆమె, చాలా యేళ్ల తర్వాత ఆ రోజు సంగతి చెప్పింది. వూరేదని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగను చూపించాడట. ఆమె అక్కడే బావురుమన్నది.

సుమారు 60 కుటుంబాలు వెంటనే తిరుగుముఖం పట్టాయి. మిగిలినవారికి మొదటి చలికాలం గండంగా గడిచింది. వేట నుంచి వస్తున్న ఓసేజ్ తెగవారు మాంసం పంచిపెట్టి ఆదుకున్నారని వూరివారు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ ఓసేజ్‌లు కాన్సాస్‌లో తమ నేల పోగొట్టుకుని దక్షిణానికి తరలవలసి వచ్చినవారే! నిలవనీడ పోయినవారే నిలవనీడ లేనివారికి అన్నం పెట్టారు.

అరకలు లాగే పశువులు చాలక, పారలతోనూ గొడ్డళ్లతోనూ నేల తవ్వి విత్తారు. పదేళ్లు తిరిగేసరికి అదొక పట్టణమైంది. చర్చిలు, దుకాణాలు, హోటళ్లు, బ్యాంకు, రెండు వార్తాపత్రికలు వెలిశాయి. ఫ్లెచర్ దంపతులు పోస్టాఫీసూ, బడీ, హోటలూ నడిపారు. ఆ వూళ్లో స్థిరపడిన ఎడ్విన్ మెకేబ్ 1882లో రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యాడు.

ఇక లోటల్లా రైలే. 1887లో వూరివారు ఓట్లు వేసి, మిసోరి పసిఫిక్ రైల్వేకు 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ కంపెనీ పట్టాలు వేసింది. కాని నదికి అవతలి ఒడ్డున! పట్టాలు వేసే కూలీల మకాం బోగ్ అనే వూరుగా మారింది. నికోడెమస్ వర్తకులు ఒక్కరొక్కరే నది దాటి అక్కడికి చేరుకున్నారు. అంతకాలం గాలినీ కరువునీ తట్టుకున్న వూరు, ఎక్కడో కూర్చున్నవారు పటం మీద గీసిన గీతకు తల వంచింది.

రైతులు మాత్రం భూమి వదలలేదు. 1930 దశకంలో అనావృష్టి, దుమ్ము తుఫానులు వచ్చిపడ్డాయి. 1935 నాటికి వూళ్లో 76 మందే మిగిలారు. 1953లో పోస్టాఫీసు కూడా మూతపడింది.

ఇప్పుడు నిలిచివున్న పాత కట్టడాలు అయిదు: రెండు చర్చిలు, ఒక హోటలు, ఒక బడి, 1939లో సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ హాలు. వాటి నడుమ తిరుగుతుంటే నాకు ముచ్చటా వేసింది, దిగులూ వేసింది. ఆనాటివారి సంతతిలో కొందరు ఇప్పటికీ ఆ నేలనే నమ్ముకున్నారు.

యేటా జూలై నెలాఖరున మాత్రం ఆ వూరి రూపే వేరు. వెస్టిండీస్‌లో 1834 ఆగస్టు ఒకటిన బానిసలకు విముక్తి కలిగిన రోజును పురస్కరించుకుని ఆ పూర్వీకులు మొదలుపెట్టిన పండుగ అది. మన తిరునాళ్లకు ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్లు, దేశం నలుమూలలనుంచీ ఆ వూరి బిడ్డలు పిల్లాపాపలతో దిగుతారు. వారిలో చాలామంది అక్కడ పుట్టినవారు కారు. తాతముత్తాతల వూరు గనుక వస్తారు. మిగతా యేడాదంతా ఆ కొద్దిమందీ వారికోసం యిల్లు కాచుకుని వున్నట్లే నాకు తోచింది.