వాగు గట్టు చెట్ల క్రింది నేల

మిరప, ప్రత్తి పండించు రైతులలో పలువురు వాగు ప్రక్కనున్న చెట్ల పట్టీని బంజరుగా ఎంచుదురు. దానిని కొట్టి దున్నినచో నాలుగు సాళ్ళు హెచ్చుగా పడునని తలంతురు. మీరును అట్లే తలచుచున్నచో, ఆ నేల మీ పొలమునకు చేయుచున్న పనిని ముందు గమనింపుడు.

గుంటూరు, ప్రకాశం ప్రాంతముల నల్లరేగడిలో బంకమన్ను హెచ్చు. ఎండిన రేగడి నెఱ్ఱెలు విచ్చును. తొలి వాననీరు వానిలో దిగును. తరువాత నేల ఉబ్బి నెఱ్ఱెలు మూసికొనును. అప్పుడు నీరు ఇంకక పైపైనే పారును. దానితో మెత్తని పైమన్ను, మీరు డబ్బుపోసి కొన్న ఎరువు కూడ వాగు పాలగును.

ఏరుమద్ది, నేరేడు, కానుగ, వావిలి పెరిగిన గట్టు నేల తీరు వేరు. రాలిన ఆకు అందులో కుళ్ళియుండును. వానపాములు తొలిచిన సందులు, చచ్చిన వేళ్ళు విడిచిన గొట్టములు నీటిని లోనికి దింపును. ఆకుతుక్కు, గడ్డి పారునీటి వేగము తగ్గించుటచే ఒండ్రు అక్కడనే ఆగును. భాస్వరము మట్టిరేణువుల నంటియుండును గనుక అదియు చాలవరకు ఆగును.

నత్రజని సంగతి అట్లు కాదు. నైట్రేటు నీటిలో కరగి భూమిలోపల నడచును. వాగు చెంత గాలి చొరని తడినేలలో కొన్ని సూక్ష్మజీవులు కుళ్ళిన ఆకును తిని, నైట్రేటులోని ఆమ్లజనిని వాడుకొనును. నత్రజని వాయువై పోవును. చెట్లు పోయినచో వాని తిండి తరుగును, పని మందగించును. ఇది ఊరి త్రాగునీటి విషయము కూడ. లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని మన దేశపు ప్రమాణము. మించిన నీరు చంటిబిడ్డలకు మిక్కిలి ప్రమాదము.

గట్టు చెట్లు ఎంతటి వరదనైనను ఆపునని చెప్పుట మాత్రము అబద్ధము. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ సుమారు 11 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు లంకపొలములు మునిగినవి. అయినను చిన్న వాగుల పొంగులో వేళ్ళు అల్లుకొన్న గట్టు, దున్నిన గట్టువలె సులువుగా కోసుకొనిపోదు.

చెట్టు నీడన ఒకటి రెండు సాళ్ళ దిగుబడి తగ్గును, నిజమే. ఆ నష్టమునకు ఓర్చి కనీసము పది గజముల వెడల్పున పట్టీని ఉంచుడు. పొలపు నీటిని ఒకే బోదె త్రవ్వి చెట్ల నడుమగా వాగులోనికి వదలవద్దు. అట్లు చేసినచో నీరు ఆ నేలను తాకకయే పోవును. దానిని పలుచోట్ల పరచి వదలవలెను. సర్కారు తుమ్మ అలముకొన్నచో ఒక్కసారిగా పెకలింపక, ఏటేటా కొంత నరకి, ఆ సందులలో కానుగ, నేరేడు నాటుడు. కానుగ రొట్టను మడిలోనికి కోసి తెచ్చుకొనవచ్చును గాని, గట్టున రాలిన ఆకును ఊడ్చి తేవద్దు, కాల్చవద్దు.