రైలు నిన్న వెళ్లింది.. మామ ఇవాళ వచ్చాడు!

చందాపుర: సర్కిల్లో సాయంత్రం ఓ పావుగంట నిలబడండి. ఊరెళ్లేవాళ్లెవరో అడగక్కర్లేదు. ఒక చేతిలో జిప్పు తెగి పురికొస కట్టిన బ్యాగు, ఇంకో చేతిలో బియ్యం సంచి (అందులో బియ్యం ఉండవు, బట్టలుంటాయి), భుజానికీ చెవికీ మధ్య ఇరికించిన ఫోను. ‘ఆ.. బయల్దేరినామమ్మా.. రైలెక్కినాక చేస్తా’ అంటూ బస్సు కోసం పరుగు.

చందాపుర, బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె.. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, కట్టడాల్లో అనంతపురం నుంచి శ్రీకాకుళం దాకా మనవాళ్లే. ఊరి పక్కనే హీలలిగె స్టేషనుంది. ఏం లాభం? అది హోసూరు, సేలం వైపు పోయే లైను. మన ఊళ్లకు రైలు కావాలంటే నగరం దాటాల్సిందే. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చాక కాస్త నయం, ఆర్వీ రోడ్డులో మారి మెజెస్టిక్‌లో దిగొచ్చు. అంతకుముందు సగం ప్రయాణం సిల్క్‌బోర్డు దగ్గరే అయిపోయేది!

సరే, నగరం దాటారు. ఏ స్టేషన్‌కు? టికెట్ మీద ‘బెంగళూరు’ అని కనబడితే చాలు, మనవాళ్ల కాళ్లు మెజెస్టిక్‌కే నడుస్తాయి. అక్కడున్నది కేఎస్ఆర్. యశ్వంతపుర వేరు. 2022 జూన్‌లో బైయప్పనహళ్లి దగ్గర విశ్వేశ్వరయ్య టెర్మినల్ మొదలయ్యాక టికెట్ల మీద ‘ఎస్ఎంవీటీ’ అనే నాలుగక్షరాలు కూడా చేరాయి. ఓసారి ఏడుగురున్న కుటుంబం మెజెస్టిక్‌లో ప్లాట్‌ఫారాలన్నీ తిరిగి, ఆఖరుకు ఎవరో టికెట్ చదివి చెబితే రెండు ఆటోల్లో బైయప్పనహళ్లికి పరుగు తీసింది. రైలైతే అందింది. పులిహోర డబ్బా మాత్రం ఆటోలోనే ఊరేగింపుకు వెళ్లిపోయింది.

ఊట ఆయ్తా?

రైలెక్కాక చూడాలి అసలు సంబరం. బండి యలహంక దాటకముందే పొట్లాలు విప్పేవాళ్లు కొందరు. ‘కింది బెర్తు ఇస్తారా, మోకాళ్ల నొప్పి’ అని అడిగి తీసుకుని, రాత్రంతా తలుపు దగ్గర నిలబడి కబుర్లు చెప్పే మోకాళ్లు కొన్ని.

ఈ విలేకరి కళ్లారా చూసిన ముచ్చట ఒకటుంది. ఎదురెదురుగా ఇద్దరు. ‘ఎల్లి ఇళీతీరా?’ అని ఒకాయన. ‘ధర్మావరం’ అని రెండో ఆయన. ‘ఊట ఆయ్తా?’ ‘ఆయ్తు, ఆయ్తు’. దొడ్డబళ్లాపురం పోయింది, గౌరిబిదనూరు పోయింది. వచ్చీరాని కన్నడలో ఇద్దరూ చెమటలు కక్కుతూ ధరల గురించి, వానల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. హిందూపురంలో ఒకాయనకు ఫోనొచ్చింది. ‘ఆ.. అమ్మా! యాడికొచ్చిందో బండి తెలీదు, నువ్వు తినేసి పండుకో’ అన్నాడు. రెండో ఆయన నోరు తెరిచి, ‘ఇంతసేపూ నా ప్రాణం ఎందుకు తీసినావప్పా!’ అన్నాడు. విచారిస్తే ఇద్దరివీ పక్కపక్క మండలాలు. ధర్మవరంలో దిగేసరికి చుట్టరికం కూడా కలిసింది.

రైలు వెనక్కి పోతోంది బాబోయ్!

ఉత్తరాంధ్ర మేస్త్రీలకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ సొంత బండి లాంటిది. అందులో కొత్తగా ఎక్కినవాళ్లకు విశాఖలో తప్పని పరీక్ష ఒకటుంది. దక్షిణం నుంచి వచ్చి విశాఖ స్టేషన్‌లో ఆగి విజయనగరం వైపు పోయే బండ్లు వచ్చిన దిక్కుకే బయటికి రావాలి. అందుకని ఇంజన్‌ను రెండో కొసకు మారుస్తారు. అది తెలియని కుర్రాడొకడు స్టేషన్ రాకముందు నిద్రపోయి, కదిలాక లేచాడు. కిటికీలోంచి చూస్తే చెట్లు ఎదురు తిరిగి పోతున్నాయి! ‘ఓలమ్మో, బండి మళ్లీ బెజవాడ పోతంది!’ అని గొలుసు మీద చెయ్యేశాడు. పై బెర్తు ముసలాయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. రైల్వే చట్టం 141 సెక్షన్ ప్రకారం సరైన కారణం లేకుండా గొలుసు లాగితే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. విజయనగరం బోర్డు కనబడేదాకా కుర్రాడికి నమ్మకం కుదర్లేదట.

గంప మోయాల్సిన మనిషి

ఇవన్నీ ఒక ఎత్తు. చందాపురలో కార్ల షెడ్డులో పనిచేసే మెకానిక్ సంగతి ఒక ఎత్తు. పేరు రాయొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

నంద్యాల దగ్గర పల్లెలో అక్క కూతురి పెళ్లి. ఆదివారం పొద్దున పదకొండుకు ముహూర్తం. మేనమామ గంపలో కూర్చోబెట్టి తేకపోతే పెళ్లికూతురు మండపానికి రాదు. పట్టుచీర పెట్టాల్సిందీ ఆయనే. రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులు కాస్తా 60 అయింది గదా, ఆ మొదటి రోజే టికెట్లు తీశాడు. శనివారం తేదీ, రాత్రి 12.20 బండి. శనివారం రాత్రి పదకొండుకే భార్యాపిల్లలతో స్టేషన్‌లో ఉన్నాడు.

బండొచ్చింది. ఎస్-4లో 33వ బెర్తు మీద ఎవరో గురక పెడుతున్నాడు. లేపారు. ‘నాది’ అంటే ‘నాది’. ఇద్దరి టికెట్లూ 33 అనే చెబుతున్నాయి. చుట్టూ జనం చేరి రెండు పార్టీలయ్యారు. టీసీ వచ్చి టికెట్ చూసి, మామను కాస్త జాలిగానే చూసి, ‘శనివారం 12.20 అంటే శుక్రవారం రాత్రి వచ్చేది. ఇప్పుడు గంట పన్నెండు దాటింది, ఆదివారం పడింది. మీ రైలు నిన్ననే పోయిందయ్యా’ అన్నాడు.

మామకు నోట మాట లేదు. భార్యకు మాత్రం ఉంది. ఆ మాటలు ఇక్కడ రాయలేం.

కౌంటర్‌కు పరుగెత్తి జనరల్ టికెట్లు తెచ్చాడు. జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ‘పెళ్లికూతురి మేనమామనయ్యా, గంప మొయ్యాల!’ అని అరిచాడు. ఆ మాట పనిచేసింది. పట్టుచీర పెట్టె చేతులు మారి సామాన్ల అరమీదికి చేరింది. చిన్నదాన్ని ఒకామె ఒళ్లో వేసుకుంది. పిల్లాడు ఎవరి మూట మీదో పడుకున్నాడు. భార్యకు సీటు అంచు దొరికింది. మామ మాత్రం మరుగుదొడ్డి తలుపుకు ఆనుకుని అనంతపురం దాకా ఒంటికాలి మీదే. మధ్యలో అక్క ఫోన్. ‘బెర్తు బాగుందిరా?’ ‘బాగుందిక్కా.. మంచి నిద్ర పట్టింది’.

డోన్‌లో దిగి బస్సు పట్టి, ఆటో మాట్లాడుకుని పల్లె చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. గంప మోశాడు. తలంబ్రాల ఫొటోలో వెనకాల స్తంభానికి ఆనుకుని నిద్రపోతున్నది ఆయనే.

ఆ పెళ్లికూతురికి ఇప్పుడో పాప. పుట్టువెంట్రుకలకు మామను పిలుస్తూ ఫోన్‌లో మొదట అడిగిన మాట.. ‘మామా, టికెట్ ఏ రాత్రికి తీసినావు?’