మీకు తెలుసా? జేబులో పట్టే ఓపెన్ సోర్స్ కంప్యూటర్

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు చిన్న కంప్యూటర్ బోర్డు కోసం వెళ్తున్నారా? అరచేతి కంప్యూటర్ డిజైన్‌ను అందరికీ తెరిచి ఉంచాలన్న ఆలోచన పొరుగున బెంగళూరులో ఎప్పుడో కార్యరూపం దాల్చింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కలిసి 2001లో ‘సింప్యూటర్’ నమూనాను చూపించారు. అది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. స్మార్ట్ కార్డు పెడితే చాలు, ఊళ్లో పదిమంది ఒకే యంత్రాన్ని ఎవరి వివరాలు వారికే ఉండేలా వాడుకునే వీలుండేది. 2004లో వచ్చిన ‘అమిడా సింప్యూటర్’లో కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్ కూడా ఉండేది. ఐఫోన్ రావడానికి అప్పటికి ఇంకా మూడేళ్లు! అమ్మకాలు అనుకున్నంత సాగలేదు గానీ, ఆలోచన మాత్రం గొప్పది.

ఇప్పుడు చిన్న కంప్యూటర్ బోర్డు కొనేవారు ఒకటి గమనించాలి. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూలో లినక్స్ నడుస్తుంది, వైఫై ఉంది, మినీ హెచ్‌డీఎంఐతో టీవీకి కలపొచ్చు. కానీ బోర్డు డిజైన్ పూర్తిగా బహిరంగం కాదు. సుమారు 55×35 మిల్లీమీటర్ల పాకెట్‌బీగిల్ బోర్డు డిజైన్ బహిరంగమే, అయితే అందులో వైఫై, హెచ్‌డీఎంఐ లేవు. తెర కావాలంటే మొదటిది, సెన్సర్లతో ప్రయోగాలకు రెండోది. మెమరీ కార్డు, అడాప్టర్ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి.