క్లాడియా జోన్స్: పత్రిక నుంచి ఉత్సవం దాకా

రచన వేరు, ఉద్యమ నిర్మాణం వేరు అని వాదించే మిత్రులను నేను క్లాడియా జోన్స్ జీవితాన్ని పరిశీలించమంటాను.

ఆమె 1915లో ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పుట్టింది. 1924లో న్యూయార్క్ చేరింది. తల్లి దుస్తుల కర్మాగారంలో కుట్టుమిషను ముందే కుప్పకూలి చనిపోయింది. పేదరికం క్లాడియాకు చిన్న వయసులోనే క్షయను అంటగట్టింది. అలబామాలోని స్కాట్స్‌బరోలో 1931లో 9 మంది నల్లజాతి కుర్రవాళ్లపై అత్యాచారం కేసు బనాయించారు. వారి పక్షాన కమ్యూనిస్టులు నిలబడడం చూసి ఆమె 1936లో యువ కమ్యూనిస్టు లీగులో చేరింది. పార్టీ పత్రికల్లో పనిచేసింది.

1949లో 'పొలిటికల్ అఫైర్స్' పత్రికలో వచ్చిన వ్యాసం ఆమె ఆలోచనకు శిఖరం. నల్లజాతి స్త్రీ శ్రామికురాలిగా, నల్లజాతి మనిషిగా, స్త్రీగా మూడు విధాల పీడన అనుభవిస్తుందనీ, అట్టడుగున ఉన్న ఆమె కదిలితే పై పొరలన్నీ కదులుతాయనీ అందులో వాదించింది. యజమాని పిల్లల్ని సాకడమే పరమార్థంగా బతికే విధేయురాలైన ఆయాగా ఆమెను చిత్రించిన సినిమాలనూ, పత్రికలనూ ఎండగట్టింది. విమర్శ అక్కడ ఆగలేదు. నల్లజాతి స్త్రీతో పరిచయం కాగానే ఇంటిపనికి ఎవరైనా దొరుకుతారా అని అడిగే తెల్లజాతి అభ్యుదయవాదులనూ వదలలేదు. సొంత శిబిరాన్ని ప్రశ్నించిన ఈ నిజాయితీయే ఆ వ్యాసానికి బలమని నేననుకుంటాను.

స్మిత్ చట్టం కింద 1951లో ఆమెను అరెస్టు చేశారు. శాంతి కోసం స్త్రీల పోరాటం గురించి రాసిన వ్యాసమే సాక్ష్యం! దానిలో ఒక్క పంక్తి చదివే ధైర్యం ప్రాసిక్యూషన్‌కు లేకపోయిందని 1953లో శిక్ష విధించే వేళ ఆమె కోర్టులోనే ఎత్తిపొడిచింది. 1955లో జైలు, ఆ డిసెంబరులోనే బ్రిటన్‌కు బహిష్కరణ.

1958 మార్చిలో లండన్‌లోని బ్రిక్స్‌టన్ నుంచి 'వెస్ట్ ఇండియన్ గెజిట్' వెలువడింది. ఆ వేసవి చివర నాటింగ్ హిల్‌లో కరీబియన్ ప్రజలపై జాత్యహంకార మూకలు దాడి చేశాయి. 1959 జనవరి 30న సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్‌లో ఆమె కార్నివాల్ జరిపించింది. దెబ్బలు తిన్నవాళ్లకు ఆటపాటలెందుకని అడగవచ్చు. ట్రినిడాడ్‌లో బానిసత్వం నుంచి బయటపడిన ప్రజలు కార్నివాల్‌ను తమదిగా చేసుకున్నారు. వలస ప్రభుత్వం అణచజూస్తే 1881లో వీధుల్లో ఎదిరించారు. ఆ చరిత్ర ఆమెకు తెలుసు. ఉత్సవ సంచిక అమ్మకాల్లో కొంత భాగాన్ని నాటింగ్ హిల్ ఘటనల్లో జరిమానాలు పడిన నల్ల, తెల్ల యువకుల కోసం కేటాయించారు.

నాటింగ్ హిల్ వీధి కార్నివాల్ 1966లో ఇతరుల చొరవతో మొదలైంది. దాన్నంతా ఆమె ఖాతాలో వెయ్యనక్కరలేదు. అందుకు నేల దున్నినవారిలో ఆమె ముఖ్యురాలు.

1964 డిసెంబరులో, 49వ ఏట లండన్‌లో మరణించింది. హైగేట్ శ్మశానంలో మార్క్స్ సమాధికి ఎడమ పక్కన ఆమెను ఖననం చేశారు. మనం తెచ్చే సంచిక ఎవరి జరిమానా కడుతుంది? మన విమర్శ మన ఇంటి గడప దాటి లోపలికి వస్తుందా? ఆమెను చదివే రచయిత ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పుకోవాలి.