డాలస్ ఇల్లా... బే ఏరియా ఉద్యోగమా?

అమెరికాలో ఏ ఊళ్లో ఉంటే మేలని అడిగితే మనవాళ్లలో చాలామంది జీతంలో మిగిలేది చూసి డాలస్ అంటారు. ఆ జీతం ఆగిన రోజున లెక్క మారిపోతుంది.

పల్నాడులో అమెరికా సంబంధాల మాటల తీరు మారింది. ‘అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేరు’ అంటే ఒకప్పుడు ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు నరసరావుపేటలో అయినా, మాచర్లలో అయినా, గురజాలలో అయినా రెండో ప్రశ్న ‘ఏ ఊళ్లో?’, మూడోది ‘ఇల్లు కొన్నాడా?’. డాలస్‌లో నాలుగు బెడ్రూముల ఇల్లంటే అవతలివాళ్ల ముఖం విప్పారుతుంది. బే ఏరియాలోని శాన్‌హోసేలో అద్దె అపార్ట్‌మెంటు అంటే ‘ఇన్నేళ్లయినా ఇంకా అద్దెకేనా’ అనే మాట వస్తుంది. ఈ తూకంలోనే పొరపాటుంది. ఇల్లు, జీతం, మిగులు... ఇవన్నీ ఉద్యోగం ఉన్న రోజుల లెక్కలు. వీసా మీద బతికేవాళ్లకి ఊరి మంచిచెడ్డలు తేలేది ఉద్యోగం పోయిన రోజున. ఆ రోజుని కూడా కలిపి చూస్తే సాఫ్ట్‌వేరు ఉద్యోగికి గ్రీన్‌కార్డు ముందు బే ఏరియా, తర్వాత డాలస్ మేలు. మన కుటుంబాలు మాత్రం మొదట్లోనే డాలస్ ఇంటికి తొందరపెడుతున్నాయి.

ఒకే చిప్పు... రెండు దారులు

ఈ రెండు ప్రాంతాల టెక్నాలజీ చరిత్ర దాదాపు ఒకే ఆవిష్కరణతో మొదలవుతుంది. 1958లో డాలస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ తొలి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేసి చూపించాడు. మరుసటేడు బే ఏరియాలోని ఫెయిర్‌చైల్డ్ సంస్థలో రాబర్ట్ నోయిస్ దాన్ని సిలికాన్ మీద పెద్దఎత్తున తయారుచేసే మార్గం కనిపెట్టాడు. కిల్బీకి 2000లో నోబెల్ వచ్చింది; అప్పటికే నోయిస్ కన్నుమూశాడు. అక్కడి నుంచి దారులు వేరయ్యాయి. బే ఏరియాలో ఉద్యోగులు కంపెనీ వదిలి పక్క వీధిలో ఇంకో కంపెనీ పెట్టుకున్నారు. నోయిస్ కూడా 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్ పెట్టింది అలాగే. డాలస్ మాత్రం బయటి పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలను రప్పించుకుని పెరిగింది. ఏటీ అండ్ టీ 2008లో శాన్ ఆంటోనియో నుంచి వచ్చింది. టయోటా 2017లో డాలస్ శివారు ప్లేనోలో కొత్త ప్రాంగణం తెరిచింది. మెకెసన్, చార్ల్స్ ష్వాబ్ శాన్‌ఫ్రాన్సిస్కోనే వదిలి ఇటు వచ్చేశాయి. చవక భూమి, తక్కువ పన్నులు, దేశం నడిమధ్యన విమానాశ్రయం వాటిని రప్పించాయి. కంపెనీల వెనక మనవాళ్లూ వచ్చారు. 2000లో 33,714 మంది ఉన్న డాలస్ శివారు ఫ్రిస్కో 2020 జనాభా లెక్కల నాటికి 2,00,509కి చేరింది.

డాలస్ మీద మోజుకి అసలు కారణం ఇల్లే. ఫ్రిస్కోలో కొత్త ఇల్లంటే ఎర్రటి ఇటుక గోడలు, రెండంతస్తులు, కింద అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉండటానికో గది, పైన పిల్లల ఆటలకో హాలు, వెనక గడ్డి పెరడు. శాన్‌హోసేలో దానికి రెట్టింపు డబ్బు పోసినా దొరికేది చాలాసార్లు 1950లలో కట్టిన ఒంటి అంతస్తు ఇల్లు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటుండదు. అమెరికా రియల్టర్ల జాతీయ సంఘం లెక్క ప్రకారం 2024 రెండో త్రైమాసికంలో శాన్‌హోసే ప్రాంతంలో ఇంటి మధ్యస్థ ధర 20 లక్షల డాలర్లు దాటింది. దేశంలో ఆ గీత దాటిన మొదటి నగర ప్రాంతం అదే. డాలస్ ప్రాంతంలో ఆ ధర 4 లక్షల దరిదాపుల్లోనే ఉంది. అంటే ఐదు రెట్ల తేడా. అద్దెల్లో మాత్రం ఇంత తేడా లేదు. శాన్‌హోసే అద్దె డాలస్‌కి సుమారు రెట్టింపు. కొనేవాళ్లకి డాలస్ ఎంతో చవక, అద్దెకి ఉండేవాళ్లకి అంత చవక కాదు. గ్రీన్‌కార్డు లేని యువ ఇంజినీరు చూసుకోవాల్సింది అద్దెల తేడాని. అతన్ని ఆకర్షిస్తున్నది ఇళ్ల ధరల తేడా.

అరవై రోజుల గడువు

హెచ్‌-1బీ వీసా మీద ఉన్న ఉద్యోగిని కంపెనీ తీసేస్తే, 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువుంటుంది. ఆలోగా ఇంకో కంపెనీ అతని పేరున దరఖాస్తు పెట్టాలి, లేదా అతను మరో వీసా హోదాకి మారాలి, కాదంటే సామాన్లు సర్దుకోవాలి. ఈ గడువులో ఇల్లమ్మడం, పిల్లల బడి మాన్పించడం కూడా పూర్తికావాలంటే ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ‘భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తున్నారు, భయమెందుకు’ అనేవాళ్లు ఇంకో సంగతి మర్చిపోతున్నారు. 2015 నుంచి కొందరు హెచ్‌-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకి హెచ్‌-4 వీసా మీద పనిచేసే అనుమతి ఇస్తున్నారు. ఆ అనుమతి హెచ్‌-1బీ ఉన్నంతవరకే. ఇంటి అప్పుకి బ్యాంకు చూసేది రెండు జీతాలు. ఆ రెండూ నిలబడింది ఒక్క వీసా మీద.

60 రోజుల్లో ఉద్యోగం దొరకాలంటే, మన పని తెలిసిన కంపెనీలు దగ్గర్లోనే గుంపుగా ఉండాలి. బే ఏరియా బలం అదే. దానికి చట్టమూ తోడైంది. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు కాలిఫోర్నియాలో 1872 నుంచీ చెల్లదు. టెక్సాస్‌లో సహేతుకమైన కాలానికి, పరిధికి లోబడి ఉంటే చెల్లుతుంది. ఇలాంటి షరతులను దేశమంతటా రద్దుచేస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో తెచ్చిన నిబంధనని అమల్లోకి రాకముందే ఆగస్టులో కొట్టేసింది డాలస్‌లోని ఫెడరల్ కోర్టే. ఉద్యోగులు స్వేచ్ఛగా కంపెనీలు మారడమే సిలికాన్ వ్యాలీని బోస్టన్ శివార్ల టెక్ కంపెనీల కంటే ముందు నిలిపిందని పరిశోధకురాలు అన్నాలీ సాక్సీనియన్ 1994లోనే ఒక పుస్తకంలో వివరించారు. సాగర్ కుడికాలువ కింది ఎకరాన్ని, వాన కోసం ఎదురుచూసే మెట్ట ఎకరాన్ని పల్నాడులో ఎవరూ ఒకే ధరకి అడగరు. నేల అదే అయినా కట్టే డబ్బు నీటి భరోసాకి. బే ఏరియా అద్దెలో ఎక్కువ కట్టేదీ అలాంటి భరోసాకే.

జీతం ఆగినా ఆగని పన్ను

డాలస్‌వైపు వినిపించే మొదటి వాదన పన్ను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. 2019లో రాజ్యాంగ సవరణతో ఆ తలుపు ఇంకా గట్టిగా మూశారు. కాలిఫోర్నియాలో గరిష్ఠ రేటు 13.3 శాతం, మంచి సాఫ్ట్‌వేరు జీతాల్లో పై భాగం మీద 9.3 శాతం పడుతుంది. నిజమే. కానీ బడులకి, రోడ్లకి టెక్సాస్‌కీ డబ్బు కావాలి. అందులో పెద్దభాగం ఇంటి పన్ను నుంచే వస్తుంది. డాలస్ శివార్లలో ఆ రేటు ఇంటి విలువలో 2 శాతానికి అటూఇటూ. 5 లక్షల డాలర్ల ఇంటికి మినహాయింపులు పోయినా ఏటా 8 వేల డాలర్ల దరిదాపుల్లో బిల్లు వస్తుంది. విలువ పెరిగితే బిల్లూ పెరుగుతుంది. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రొపోజిషన్ 13 ఇంటి మూల పన్నుని 1 శాతానికి, పన్ను విలువలో ఏటా పెరుగుదలని 2 శాతానికి కట్టేసింది. అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఇంకోటుంది. జీతం ఆగితే ఆదాయపు పన్నూ ఆగుతుంది. ఇంటి పన్ను ఆగదు. జనవరి 31లోపు టెక్సాస్ బిల్లు కట్టాల్సిందే, ఉద్యోగం ఉన్నా లేకున్నా.

రెండో వాదన ఇంకా బలమైంది. బే ఏరియా ఒక్క పరిశ్రమ మీదే నడుస్తోంది కదా, ఆ పరిశ్రమ పడుకుంటే అందరూ ఒకేసారి రోడ్డున పడతారు కదా? 2001లో డాట్‌కామ్ బుడగ పేలినప్పుడు జరిగిందదే. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు కూడా ఆ వణుకు కనిపించింది. డాలస్‌లో బ్యాంకులు, బీమా, విమానయానం, టెలికాం, చిప్పులు అన్నీ ఉన్నాయి. ఈ వాదనలో సగం నిజముంది. మిగతా సగం ఏమిటంటే, విమానయాన సంస్థలో ఖాళీలున్నంత మాత్రాన చిప్పు డిజైనరుకి ఉద్యోగం రాదు. అదే 2001లో డాలస్ శివారు రిచర్డ్‌సన్‌లోని ‘టెలికాం కారిడార్’ కూడా కుదేలైంది. ఊళ్లో ఎన్ని పరిశ్రమలున్నాయన్నది ఆ ఊరికి బలం. మన పనికి ఎంతమంది గిరాకీదారులున్నారన్నది మనకి బలం. బ్యాంకింగ్ సాఫ్ట్‌వేరులోనో టెలికాంలోనో పండినవాళ్లకి ఆ బలం డాలస్‌లోనే ఎక్కువ ఉండొచ్చు. వాళ్లు డాలస్‌లోనే ఉండాలి.

మూడో ప్రశ్న మనసుని తాకేది. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు, అప్పటిదాకా అద్దె ఇంట్లోనే ముసలివాళ్లమైపోవాలా? ఉద్యోగాల కోటాలో ఏటా 1,40,000 గ్రీన్‌కార్డులు, ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతం మించకూడదన్న నియమం... ఈ రెండూ కలిసి భారతీయుల నిరీక్షణని ఏళ్లకేళ్లు సాగదీశాయి. అందుకని గ్రీన్‌కార్డు దాకా కాకపోయినా, దానికోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదం దాకా ఆగమనడం న్యాయం. అది వచ్చాక ఆరేళ్ల పరిమితి దాటినా హెచ్‌-1బీని పొడిగించుకోవచ్చు. 60 రోజుల గడువు మాత్రం అప్పుడూ తప్పదు. కాబట్టి కొనే ఇల్లు ఒక్క జీతంతో వాయిదా కట్టగలిగేదిగా, అవసరమైతే త్వరగా అమ్ముడయ్యేదిగా ఉండాలి. ఐదో బెడ్రూము తర్వాతి సంగతి.

ఇక మిగతా విషయాల్లో రెండు చోట్లా పెద్దగా లోటు లేదు. బే ఏరియాకి లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం ఉంటే ఫ్రిస్కోకి కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది. అక్కడ 2001లో పుట్టిన సిలికానాంధ్ర, ‘మనబడి’ ఉంటే ఇక్కడ తెలుగు సంఘం టాంటెక్స్, దాని ‘నెలనెలా తెలుగు వెన్నెల’ ఉన్నాయి. ప్రకృతి ఎవరినీ వదల్లేదు. బే ఏరియాని 1989లో భూకంపం కుదిపింది, 2020 సెప్టెంబరులో అడవుల పొగ ఆకాశాన్ని నారింజ రంగుకి మార్చింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకి టెక్సాస్ కరెంటు వ్యవస్థ కూలబడి, అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఎండ సంగతికొస్తే 2011లో డాలస్‌లో 71 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత వంద డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే సుమారు 38 సెల్సియస్‌కి తగ్గలేదు. రెంటచింతల ఎండలు చూసినవాళ్లకి అదేం కొత్త కాదు. ఆరు నెలలకని వెళ్లే అమ్మానాన్నలకి అసలు ఇబ్బంది కారు లేకపోవడం. డాలస్ రైళ్లు, బస్సులు నడిపే డార్ట్ సంస్థలో ఫ్రిస్కో సభ్య నగరం కాదు. ఎంత పెద్ద ఇల్లయినా పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా వాళ్లు గడప దాటలేరు.

ఈ లెక్కల సారం ఒక్కటే. డాలస్ స్థిరపడినవాళ్ల ఊరు, బే ఏరియా ఇంకా నిలదొక్కుకుంటున్నవాళ్ల ఊరు. గ్రీన్‌కార్డు చేతికొచ్చినవాళ్లు, పిల్లలు ఎదుగుతున్నవాళ్లు డాలస్ వెళ్లి నిశ్చింతగా ఇల్లు కొనుక్కోవచ్చు. చదువు ముగించి మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ పనికి గిరాకీ ఎక్కడుంటే అక్కడ అద్దెకి ఉండటమే తెలివి. పల్నాడులో ఉన్న తల్లిదండ్రులకి ఒక మనవి. పొలం తాకట్టుపెట్టి పంపిన పిల్లల్ని ‘ఇల్లెప్పుడు కొంటావు’ అని ఫోనులో తొందరపెట్టకండి. ‘ఈ ఉద్యోగం పోతే నిన్ను తీసుకునే కంపెనీలు అరగంట దూరంలో ఎన్ని ఉన్నాయి?’ అని అడగండి. వాడు తడుముకోకుండా వరసగా పేర్లు చెప్పగలిగితే, ఊరు సరిగ్గానే ఎంచుకున్నట్టు.